గ్లాసు లెక్కన వైన్: అనంతపురం రెస్టారెంట్లో సలహా ఎందుకు తడబడుతుంది?

సంక్షిప్తంగా: గ్లాసు లెక్కన అమ్మే వైన్‌కు మిగతా మద్యానికి లేని ఇబ్బంది ఒకటుంది. మూత తీసిన రోజు నుంచే అది చెడిపోవడం మొదలవుతుంది. అందుకే సర్వర్ ఇచ్చే సలహాలో రుచితో పాటు మిగిలిపోయిన సీసా ఒత్తిడి కూడా కలిసి ఉంటుంది. జాబితా చిన్నదిగా ఉంచి, సీసా మీద తెరిచిన తేదీ రాసి, అతిథి తినే వంటకాన్ని బట్టి మన రుచుల మాటల్లో చెప్పగలిగితే రాయలసీమ పట్టణాల్లో కూడా ఈ అమ్మకం కుదురుతుంది.

పేరు దగ్గరే గందరగోళం

అనంతపురంలో గానీ కర్నూలులో గానీ "వైన్స్" అని బోర్డున్న దుకాణంలో ముందు కనిపించేవి బ్రాందీ, విస్కీ, బీరు. ద్రాక్ష వైన్ ఉంటే ఏ మూల అరలోనో రెండు మూడు సీసాలు ఉంటాయి. తెలుగులో ఆ మాట మొత్తం మద్యానికే పేరైపోయింది. దాంతో రెస్టారెంట్లో అతిథి "వైన్ ఏముంది?" అని అడిగితే, ఆయన అడిగింది మద్యం ఏముందనా, ద్రాక్ష వైన్ ఏముందనా అన్నది సర్వర్‌కు మొదట తేల్చుకోవాల్సిన విషయం.

రెండో గందరగోళం రుచికి సంబంధించింది. మన పట్టణాల్లో చాలామందికి తెలిసిన ఎర్ర వైన్ "పోర్ట్" పేరుతో తక్కువ ధరకు దొరికే తియ్యటి రకం. అది తాగి అలవాటైన మనిషికి తీపి లేని కాబర్నే రకం ఎర్ర వైన్ గ్లాసు పోసి ఇస్తే, మొదటి గుక్కకే మొహం చిట్లిస్తారు. వైన్‌లో లోపమేమీ ఉండదు, అతిథి ఊహించుకున్న రుచి వేరు. సర్వర్ ఒక్క ప్రశ్న ముందే అడిగి ఉంటే ఆ గ్లాసు వృథా అయ్యేది కాదు.

కొత్తవాళ్లకు గ్లాసు పద్ధతి మేలు చేసేది ఇక్కడే. 750 మి.లీ. సీసా కొనమంటే వెనకాడే మనిషి 150 మి.లీ. గ్లాసు రుచి చూడటానికి ఒప్పుకుంటారు. నచ్చకపోతే పోయేది ఒక గ్లాసు డబ్బే. నలుగురు కూర్చున్న బల్ల దగ్గర ఒకరు మటన్, ఒకరు చేప, ఒకరు పూర్తి శాకాహారం చెప్పినప్పుడు కూడా ఒకే సీసా కంటే వేర్వేరు గ్లాసులే మేలు. అతిథి వైపు నుంచి చూస్తే ఇందులో నష్టం కనపడదు. చిక్కంతా సీసా వైపు ఉంది.

మూత తీశాక ఏం జరుగుతుంది

కల్లు సంగతి సీమలో అందరికీ తెలుసు. పొద్దున చెట్టు దింపినప్పుడు తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి పొంగుతుంది, సాయంత్రానికి పులుస్తుంది. వైన్‌లోనూ ఇలాంటి మార్పే, కాకపోతే గంటల బదులు రోజులు పడుతుంది. గాలిలోని ఆక్సిజన్ తగిలి ఆల్కహాల్ కొంత ఎసిటాల్డిహైడ్‌గా మారుతుంది. కోసి పెట్టిన యాపిల్ వాసన వచ్చేది దాని వల్లే. ఆ తర్వాత ఎసిటిక్ బ్యాక్టీరియా పని మొదలుపెడితే వెనిగర్ వాసన వస్తుంది.

విస్కీ, బ్రాందీలకు ఈ బెడద లేదు. మన దగ్గర అమ్మే వాటిలో సాధారణంగా 42.8 శాతం ఆల్కహాల్ ఉంటుంది. అంత ఘాటులో సూక్ష్మజీవులు పెరగవు. మూత తీసిన సీసా నెలల తరబడి బార్ అరలో ఉన్నా పెగ్గు పెగ్గుగా పోసుకోవచ్చు. బీరు మరో తీరు: ఏ సీసాకు ఆ సీసా మూసే వస్తుంది, తెరిచింది ఒకే బల్ల దగ్గర అయిపోతుంది. వైన్ ఈ రెండింటి మధ్య ఇరుక్కుంది. సీసా ఒక మనిషికి ఎక్కువ, అలాగని తెరిచి దాచుకోవడానికి కుదరదు. పెగ్గుల అలవాటుతో నడిచే బార్లు వైన్‌ను కూడా విస్కీ లాగే అర మీద నిలబెట్టడం వల్లే చాలా గ్లాసులు పాడవుతున్నాయి.

ఫ్రిజ్‌లో బిగించి పెడితే తెల్ల వైన్, ఎర్ర వైన్ రెండూ మూడు నుంచి ఐదు రోజులు తాగేలా ఉంటాయి. బుడగల వైన్ అయితే ఒకటి రెండు రోజుల్లోనే చప్పబడుతుంది. ఎర్ర వైన్‌ను "గది ఉష్ణోగ్రత"లో ఇవ్వాలన్న మాట యూరప్ చలిగదుల నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం 16 నుంచి 18 డిగ్రీలు. మే నెలలో 40 డిగ్రీలు దాటే కర్నూలులో, అనంతపురంలో ఆ మాటను అలాగే పాటిస్తే గ్లాసులో ఆల్కహాల్ ఘాటు తప్ప పండు రుచి తెలియదు. చెడిపోయే వేగం కూడా వేడితో పాటే పెరుగుతుంది. మన ఎండల్లో ఎర్ర వైన్‌ను కూడా ఫ్రిజ్‌లోనే ఉంచి, పోసే ముందు పది పదిహేను నిమిషాలు బయట పెట్టాలి. తెల్లది 8 నుంచి 10 డిగ్రీల చల్లదనంలో ఇస్తే చాలు.

సీసాను కాపాడే పరికరాలు ఉన్నాయి. గాలి లాగేసే చిన్న పంపు చవక, కానీ గాలితో పాటు కొంత పరిమళాన్నీ లాగేస్తుంది. ఆర్గాన్ గ్యాస్ వైన్ మీద పొరలా పరుచుకుని ఆక్సిజన్‌ను ఆపుతుంది. 2013లో మార్కెట్లోకి వచ్చిన కొరావిన్ అనే పరికరం బిరడాను తీయకుండానే సన్నని సూదితో వైన్ లాగి, ఖాళీ అయిన చోట ఆర్గాన్ నింపుతుంది. అయితే అది తయారైంది బిరడా సీసాల కోసం. మన దేశపు వైన్లు చాలావరకు మర మూతలతో వస్తాయి కాబట్టి వాటికి విడిగా మరో మూత కొనాలి. రోజుకు ఆరేడు గ్లాసులు అమ్మే చోట ఇంత ఖర్చు అక్కర్లేదు. సీసా తెరిచిన వెంటనే సగాన్ని శుభ్రమైన 375 మి.లీ. సీసాలోకి అంచుదాకా నింపి మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే గాలికి చోటే ఉండదు. పైసా ఖర్చు లేని ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది.

గ్లాసు ధర వెనక లెక్క

గ్లాసు లెక్కన కొంటే సీసా కంటే ఎక్కువ పడుతోందన్నది అతిథుల సాధారణ ఫిర్యాదు. అది నిజమే, దానికి కారణమూ ఉంది. రెస్టారెంట్ల వ్యాపారంలో చాలా దేశాల్లో నడిచే మోటు లెక్క ఒకటుంది: మొదటి గ్లాసు ధరతోనే సీసా కొన్న డబ్బు వెనక్కి రావాలి. రెండో గ్లాసు అమ్ముడవుతుందన్న నమ్మకం లేనప్పుడు పుట్టే లెక్క అది.

ఉదాహరణకు సీసా రెస్టారెంటుకు 800 రూపాయలు పడిందనుకుందాం. 150 మి.లీ. చొప్పున ఐదు గ్లాసులు వస్తాయి. గ్లాసు 350 పెట్టి ఐదూ అమ్మితే 1,750 చేతికొస్తుంది. రెండే అమ్మి మిగతాది పారబోస్తే వచ్చేది 700, అంటే నష్టం. అదే యజమాని భయంతో ధరను 600కు పెంచితే మొదటి రెండు గ్లాసులు కూడా కదలవు, సీసా మరింత పాతబడుతుంది. ధర పెంచడం వల్ల అమ్మకం తగ్గి, అమ్మకం తగ్గడం వల్ల వైన్ చెడి, చెడిన వైన్ తాగినవాళ్లు మళ్లీ అడగకపోవడం వల్ల ఇంకా తగ్గుతుంది. చిన్న పట్టణాల్లో గ్లాసు వైన్ నిలదొక్కుకోకపోవడానికి అసలు కారణం ఈ సుడి. జనానికి రుచి తెలియకపోవడం అన్న కారణం దీని తర్వాతే వస్తుంది.

దీన్ని తెంచే మార్గం జాబితా కుదించడం. ఎనిమిది రకాలు పెట్టి ఒక్కోటి వారానికి రెండు గ్లాసులు అమ్మడం కంటే, మూడు రకాలు పెట్టి ఒక్కో సీసా రెండు మూడు రోజుల్లో ఖాళీ అయ్యేలా చూడటం లాభం. చల్లటి తెల్లది ఒకటి, కాస్త తీపి తగిలేది ఒకటి, వగరు తక్కువున్న ఎర్రది ఒకటి ఉంటే అనంతపురం స్థాయి రెస్టారెంటుకు సరిపోతాయి. పొడవాటి మెనూ గొప్పగా కనిపిస్తుంది గానీ అందులో ప్రతి పేరూ తెరిచి ఉంచాల్సిన ఒక సీసా.

కొలత గురించి కూడా ఒక మాట. పెగ్గు అంటే 30, లార్జ్ అంటే 60 మి.లీ. అని మనవాళ్లకు పక్కాగా తెలుసు. "ఒక గ్లాసు వైన్" అంటే ఎంతో చాలా మెనూల్లో రాయరు. బ్రిటన్‌లో గ్లాసు వైన్‌ను 125 లేదా 175 మి.లీ. లేదా వాటి రెట్లలోనే అమ్మాలని చట్టం ఉంది. ఇక్కడ యజమాని తనంత తానుగా మెనూలో మి.లీ. వేస్తే బిల్లు దగ్గర వచ్చే సగం గొడవలు రావు.

సలహా ఎవరి కోసం?

"ఏదైనా మంచిది చెప్పన్నా" అని అతిథి అన్నప్పుడు సర్వర్ మనసులో రెండు లెక్కలు నడుస్తాయి. ఈయన చెప్పిన కూరకు ఏది బాగుంటుందన్నది ఒకటి. మొన్న తెరిచిన సీసాలో ఇంకా రెండు గ్లాసులున్నాయన్నది రెండోది. ఈ రెండు లెక్కలకూ ఒకే సీసా జవాబైతే ఇబ్బంది లేదు. కానప్పుడు మేనేజర్ ఏ మాట చెప్పి ఉంటాడో దాన్ని బట్టే సలహా ఉంటుంది.

దీనికి మందు చాలా చిన్నది: సీసా మెడకు తెరిచిన తేదీ రాసిన చీటీ. అది ఉంటే సర్వర్‌కూ తెలుస్తుంది, అతిథి అడిగితే చూపించవచ్చు. నాలుగో రోజు దాటినదాన్ని వంటింటికి పంపాలి, కూరల్లోకో సాస్‌లోకో పనికొస్తుంది. అతిథి వైపు నుంచి కూడా ఒకే ఒక్క ప్రశ్న చాలు: "ఈ సీసా ఎప్పుడు తెరిచినారు?" ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు వచ్చే చోట గ్లాసు వైన్ ధైర్యంగా చెప్పవచ్చు.

మంచి పద్ధతిలో మరో రెండు అలవాట్లున్నాయి. ఒకటి, పోయడానికి ముందు గుక్కెడు, అంటే 30 మి.లీ. లోపు, రుచి చూపించడం. రెండోది, ఎప్పుడూ రెండు పేర్లు చెప్పడం, అందులో తక్కువ ధరదాన్ని ముందు చెప్పడం. ఎదురుగా అత్తగారి తరఫు చుట్టాలో, ఆఫీసు పెద్దలో కూర్చున్నప్పుడు ధర అడగడం ఎవరికైనా మొహమాటం. "సార్, నాటుకోడికి ఈ తెల్లది గ్లాసు 300, అది 450. రెండూ బాగుంటాయి, మొదటిది కారాన్ని ఇంకా బాగా తట్టుకుంటుంది" అని సర్వరే చెప్పేస్తే ఆ మొహమాటం తీరిపోతుంది. అతిథి మళ్లీ వస్తారా రారా అన్నది ఇలాంటి మాటల దగ్గరే తేలుతుంది.

కారం, పులుపు, వగరు

పుస్తకాల్లో కనిపించే "మాంసానికి ఎర్రది, చేపకు తెల్లది" అన్న సూత్రం తక్కువ మసాలాతో వండే వంటల కోసం పుట్టింది. రాయలసీమ కూరలో మాంసం కంటే ముందు నాలుకకు తగిలేది కారం.

మిరపలోని కాప్సైసిన్ నాలుక మీద వేడిని పసిగట్టే గ్రాహకాన్ని తట్టిలేపుతుంది. మామూలుగా ఆ గ్రాహకం 42 డిగ్రీల దగ్గర స్పందిస్తుంది. ఆల్కహాల్ తగిలితే ఆ గీత 34 డిగ్రీలకు దిగుతుందని ప్రయోగాల్లో తేలింది. అంటే ఒంటి వేడికే మంట పుడుతుంది. అందువల్ల 14 శాతం ఆల్కహాలున్న ఘాటైన ఎర్ర వైన్‌ను కడప ఎర్రకారం దోసెతో గానీ నాటుకోడి పులుసుతో గానీ తాగితే మంట చల్లారకపోగా రెట్టింపవుతుంది. పైగా ఎర్ర వైన్‌కు వగరునిచ్చే టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని నాలుకను ఆరబెడతాయి. ఆరిన నాలుక మీద కారం ఇంకా గట్టిగా తెలుస్తుంది.

ఇందుకు విరుగుడు మూడు గుణాలు: చల్లదనం, కొద్దిపాటి తీపి, తక్కువ ఆల్కహాల్. మన దేశంలో బాగా పండే షెనిన్ బ్లాంక్ ద్రాక్షతో చేసే తెల్ల వైన్లలో ఈ మూడూ కుదిరినవి ఉన్నాయి. రాగి సంగటి, నాటుకోడి చెప్పిన బల్లకు మొదట సూచించాల్సింది అలాంటిదే. సంగటి ముద్ద తనంత తానుగా కారాన్ని కొంత మింగేస్తుంది కాబట్టి ఈ జోడీ బాగా నిలబడుతుంది.

పులుపు సంగతి వేరు. కూర పుల్లగా ఉండి వైన్‌లో పులుపు తక్కువైతే వైన్ చప్పగా, నీళ్లలా అనిపిస్తుంది. గోంగూర మటన్, పచ్చి పులుసు లాంటివాటి పక్కన పులుపు బాగా ఉన్న సావిన్యో బ్లాంక్ అనే తెల్ల వైన్ నిలుస్తుంది. చింతపండులో ప్రధానంగా ఉండే టార్టారిక్ ఆమ్లమే ద్రాక్షలోనూ ప్రధాన ఆమ్లం. చింతపండు పులుసుకూ వైన్‌కూ బంధుత్వం లేదనుకునేవాళ్లకు ఇది మంచి జవాబు.

ఎర్ర వైన్‌కు చోటు లేదని కాదు. కారం తగ్గించి మిరియాలతో చేసిన వేట మాంసం వేపుడు, కొవ్వు పట్టిన పొట్టేలు ముక్కలు, నల్లగా కాల్చిన కబాబులు దానికి సరైన తోడు. మాంసంలోని ప్రోటీన్, కొవ్వు టానిన్ల వగరును మెత్తబరుస్తాయి, ఉప్పు చేదును తగ్గిస్తుంది. షిరాజ్ ద్రాక్షలో వచ్చే మిరియపు వాసనకు కారణం రోటండోన్ అనే పదార్థం. నల్ల మిరియాలలోనూ ఉన్నది అదే. గుత్తి వంకాయలో చెనిక్కాయల పొడి, నువ్వులు కలిసి చిక్కగా ఉంటుంది కాబట్టి వగరు తక్కువున్న ఎర్రది చల్లగా ఇస్తే సరిపోతుంది. ఓళిగల్లాంటి తీపి వంటల దగ్గర మామూలు వైన్ పుల్లగా మారిపోతుంది. వైన్ తీపి వంటకం తీపిని మించాలి. అలాంటి సీసా లేనప్పుడు సర్వర్ "దీనికి కాఫీ బాగుంటుంది సార్" అనడమే నిజాయితీ.

మన మాటల్లో చెబితే

వైన్ కంపెనీల కాగితాల్లో బ్లాక్ కరెంట్, గూస్‌బెర్రీ, సెడార్ అని రాసి ఉంటుంది. వాటిని బట్టీపట్టి చెప్పే సర్వర్‌కూ, వినే అతిథికీ ఆ పండ్ల మొహం తెలియదు. ఇంగ్లిష్‌లో "ట్యానిక్" (టానిన్లున్నది), "ఆస్ట్రింజెంట్" అని తిప్పలు పడి చెప్పేదానికి తెలుగులో ఒక్క మాట ఉంది: వగరు. పచ్చి జామ, వక్క, కాయ నేరేడు తిన్న ప్రతి ఒక్కరికీ అదేమిటో తెలుసు. సావిన్యో బ్లాంక్‌లో జామ వాసన, పచ్చిమిరప తుంచినప్పటి వాసన ఉంటాయి. ఆ పచ్చి వాసనకు కారణమైన పైరజిన్లు పచ్చి క్యాప్సికంలోనూ ఉన్నాయి. షిరాజ్ అంటే నేరేడు, మిరియం. షెనిన్ అంటే నిమ్మతొక్క, తేనె.

"మేడమ్, ఇది పుల్లగా, చల్లగా, జామకాయ వాసనతో ఉంటుంది. అది వగరు, మటన్‌కు బాగుంటుంది." ఇంత చెప్పగలిగితే చాలు. షడ్రుచుల్లో పులుపు, వగరు, చేదులను విడివిడిగా గుర్తుపట్టే భాషకు అరువు మాటలతో పనేముంది? వైన్ చదువుల్లో భారతీయులు ముందుకొస్తున్నారు. 2016లో సోనల్ హాలండ్ మన దేశం నుంచి మొదటి మాస్టర్ ఆఫ్ వైన్ అయ్యారు. అయితే జిల్లా కేంద్రంలోని సర్వర్‌కు ఆ స్థాయి కోర్సు అవసరం లేదు. ప్రతి సీసా నుంచి ఒక చెంచా రుచి, వంటవాడితో కలిసి ఒక సాయంత్రం ఉంటే అతను సలహా చెప్పగలడు.

డిపో, సరిహద్దు, హైవే

అనంతపురం నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద చిక్కబళ్ళాపురం దాటితే నంది కొండలు. గ్రోవర్ వైన్ కంపెనీ ద్రాక్ష తోటలు ఆ ప్రాంతంలోనే ఉన్నాయి. బళ్ళారి దాటి హంపి కొండల వైపు వెళ్తే తెలుగు పారిశ్రామికవేత్త చిగురుపాటి కృష్ణప్రసాద్ కుటుంబం నెలకొల్పిన కృష్మా ఎస్టేట్స్ ఉంది. ఇంత దగ్గరలో మంచి వైన్ తయారవుతున్నా సీమ రెస్టారెంట్ యజమాని అక్కడికి వెళ్లి సీసాలు తెచ్చుకోలేడు. మద్యం రాష్ట్రాల అధికారంలోని అంశం. ఆంధ్రప్రదేశ్‌లో లైసెన్సున్న బార్లు బెవరేజెస్ కార్పొరేషన్ డిపో నుంచే సరుకు తీసుకోవాలి. రాష్ట్రంలో నమోదైన బ్రాండ్లే అక్కడ దొరుకుతాయి. 2019 నుంచి ప్రభుత్వ దుకాణాల పద్ధతి నడిచింది, 2024 అక్టోబర్‌లో రిటైల్ మళ్లీ ప్రైవేటు చేతికి వచ్చింది. విధానం మారినప్పుడల్లా దొరికే బ్రాండ్లూ మారతాయి. పోయిన నెల మెనూలో ఉన్న వైన్ ఈ నెల లేకపోతే తప్పు రెస్టారెంటుది కాకపోవచ్చు. మెనూను అచ్చు వేయించకుండా పలక మీద రాసిపెట్టడం ఇందుకే మేలు.

బిల్లులోనూ ఈ తేడా కనిపిస్తుంది. మద్యం జీఎస్టీ పరిధిలో లేదు, దానికి రాష్ట్ర పన్ను వర్తిస్తుంది. భోజనానికి జీఎస్టీ. ఒకే బల్లకు రెండు రకాల పన్ను చూసి మోసమేమో అని అనుమానపడాల్సిన పని లేదు.

అడిగేవాళ్లు మాత్రం పెరుగుతున్నారు. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల తయారీ మొదలయ్యాక కొరియా ఇంజనీర్లు ఈ ప్రాంతానికి వచ్చారు. బెంగళూరు, హైదరాబాద్‌లలో ఉద్యోగాలు చేస్తూ పండగకు ఊరికొచ్చే పిల్లలు గ్లాసు వైన్‌కు అలవాటుపడి ఉన్నారు. వారాంతంలోనే ఇలాంటి గిరాకీ ఉండే చోట శుక్రవారం సీసా తెరిచి ఆదివారం రాత్రికి ఖాళీ చేయడం, మిగతా రోజుల్లో "ఈరోజు గ్లాసు లెక్కన లేదండి" అని చెప్పేయడం సరైన పని. వారమంతా ఉందని చెప్పి మంగళవారం పులిసినది పోయడం వల్ల పోయే పేరు తిరిగి రాదు.

చెప్పకూడని మాట, పోయకూడని గ్లాసు

ఎర్ర వైన్ గుండెకు మంచిది, చర్మానికి నిగారింపు ఇస్తుంది అన్న మాటలు మన దగ్గర బాగా నాటుకుపోయాయి. 1990లలో ఫ్రాన్స్ ఆహారపు అలవాట్ల మీద జరిగిన చర్చతో ఈ గుండె మాట ప్రపంచమంతా పాకింది. ఆరోగ్యానికి సురక్షితమైన మోతాదు అంటూ ఆల్కహాల్‌కు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. వైన్ కూడా అందులో భాగమే. కాబట్టి సర్వర్ సలహాలో ఆరోగ్యం ఊసు రాకూడదు. రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివారికి పోయకూడదన్నది చట్టం. వద్దన్న మనిషిని "ఒక్క గ్లాసే కదా" అని బలవంతపెట్టడం సలహా కాదు.

ఇక లెక్క ఒకటి మిగిలింది. 13 శాతం ఆల్కహాలున్న 150 మి.లీ. వైన్‌లో సుమారు 15 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 60 మి.లీ. విస్కీలో సుమారు 20 గ్రాములు. తేడా జనం అనుకునేంత పెద్దది కాదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం డ్రైవర్ రక్తంలో 100 మి.లీ.కి 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. 60 కిలోల మగ మనిషి ఖాళీ కడుపుతో ఒక్క గ్లాసు వైన్ తాగినా ఆ అంకె దాటవచ్చు, ఆడవాళ్లలో ఇంకా సులువుగా దాటుతుంది. కర్నూలు, అనంతపురం రెస్టారెంట్లకు వచ్చేవారిలో 44వ హైవే మీద ప్రయాణం మధ్యలో ఆగినవాళ్లు చాలామంది. కారు తాళం బల్ల మీద పెట్టి కూర్చున్న అతిథి "ఏది బాగుంటుంది?" అని అడిగితే, ఆ ఒక్కరికి సర్వర్ చెప్పాల్సిన పేరు వైన్ల జాబితాలో ఉండదు. చల్లటి మజ్జిగో నిమ్మకాయ సోడానో ముందు చెప్పి, వైన్ గురించి పక్కనున్నవాళ్లను అడగాలి.